సున్నం గీతల ఇల్లు

మా బావగారికి రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయడం రాదు. తుమ్ముకి మాత్రం మినహాయింపు, అది చెప్పకుండా వస్తుంది కాబట్టి. బావగారంటే మా ఆయనకి పెద్దన్నయ్య. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. ఆటలపోటీల రోజు పిల్లలు ఐదు నిమిషాలు వరస తప్పకుండా నడవాలంటే అంతకుముందు నెల్లాళ్లు వాళ్లని ఎండలో నడిపించాలి. ఆ లెక్క ఆయన ఒంటికి పట్టేసింది. రిటైరైన రోజు బడివాళ్లు ఒక గోడగడియారం చేతిలో పెట్టి పంపారు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని, మెడలో విజిల్ మాత్రం తీయకుండా ఇంటికొచ్చేశారు. ఆ రోజుతో బడికి పట్టిన పీడ వదిలి మా ఇంటికి పట్టింది.

నేను ఆ ఇంటికి రెండో కోడలిని. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా కళ్లారా చూసిందీ, కాళ్లారా నడిచిందీ. మొత్తం పద్నాలుగు మందిమి. మా అత్తగారు, ఆవిడ ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, ఏడుగురు పిల్లలు. రెండో అంతస్తులో మూడు గదుల వాటా మాది. ఒకరు పక్కకి ఒత్తిగిల్లితే మిగతావాళ్లు కూడా ఒత్తిగిల్లాల్సిందే.

ఒకసారి అందరం రైల్లో ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. ముందురోజే బావగారు పద్నాలుగు మందినీ ఖాళీ పెట్టెలతో స్టేషనుకి నడిపించారు. అందరికీ ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొన్నారు. మా రైలు వచ్చి ఆగింది. ఎవరు ఏ తలుపు దగ్గర నిలబడాలో, ఏ పెట్టె ఎవరు అందివ్వాలో, ఏ పిల్లని ఎవరు లాగాలో చూపించారు. రైలు కదిలింది. మేం దానికి చెయ్యి ఊపి ఇంటికొచ్చేశాం. ఒక పోర్టరు మేం రైలు తప్పిపోయామనుకుని చాలాసేపు ఓదార్చాడు. మర్నాడు గంట ముందే వెళ్లి వరసలో నిలబడ్డాం. రైలు ఐదు గంటలు ఆలస్యంగా వచ్చింది.

"చూశావా అమ్మా, రిహార్సల్ లేకపోతే ఇలాగే ఉంటుంది" అన్నారు బావగారు నాతో, రైలుని ఉద్దేశించి.

ఇంకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయనకి ఒకసారి రెండు రోజులు సెలవు కావలసి వచ్చింది. హెడ్మాస్టరుని అడిగే ముందు మా పెద్ద తోడికోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్మాస్టరుని చేశారు. ఈయన తలుపు తట్టి, లోపలికొచ్చి, చేతులు కట్టుకుని సెలవడిగారు. ఆవిడ కూరగాయలు తరగడం ఆపకుండానే ఎందుకంది. చెప్పారు. కుదరదంది. ఇంకో రెండు రకాలుగా అడిగి చూశారు. రెండుసార్లూ కుదరదంది. మర్నాడు బావగారు సెలవు అడక్కుండా నోరు మూసుకుని పనిలోకి వెళ్లిపోయారు. అదేమిటండీ అంటే, ఎలాగూ ఇవ్వరు కదమ్మా అన్నారు.

ఇలా నడుస్తున్న సంసారానికి ఒకరోజు ఇంటివాడు వచ్చి, ఈ మేడ పడగొడుతున్నాను, మూడు నెలల్లో ఖాళీ చేయండన్నాడు. పద్నాలుగు మందికి వాటా ఇచ్చే మహానుభావుడు ఆ ఊళ్లో లేడు. ఇల్లు చూపించడానికి వచ్చినవాళ్లు మా తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, తొమ్మిది దాకా వచ్చేసరికి తాళం వేసుకుని వెళ్లిపోయేవారు. అప్పుడు బావగారు బస్సులో రెండు గంటలు వెళ్లి ఒక పల్లెలో రెండెకరాల నేల చూసొచ్చారు. అందులో ఎవరో సగం కట్టి వదిలేసిన ఇల్లు ఉంది, ఒక బావి ఉంది. ఊళ్లో ఒక గదికి పెట్టే డబ్బుకి అక్కడ అదంతా వస్తుంది.

బేరానికి కూడా రిహార్సల్ జరిగింది. మా ఆయన అమ్మేవాడు, బావగారు కొనేవాడు. మా ఆయన పాత్రలో లీనమైపోయి ఒక్క మెట్టు దిగలేదు. తీరా అసలు మనిషి దగ్గరికి వెళ్తే అతను మొదటి మాటలోనే మా ఆయన చెప్పినదాంట్లో సగం చెప్పాడట. బావగారు కంగారుపడి, "మీరు అంత తక్కువ చెప్పకూడదండీ" అన్నారట. మా ఆయన అన్నగారి కాలు తొక్కారు కాబట్టి సరిపోయింది.

వెళ్లడానికి ఎవరికీ అడ్డేమీ లేదు. మా ఆయన బస్సు డ్రైవరు, ఆ దారి బస్సు అడిగి వేయించుకున్నారు. మా మరిది బట్టలు కుడతాడు, మిషను ఎక్కడ పెడితే అక్కడే అతని ఊరు. నాకైతే కూరగాయల మళ్లు అప్పుడే కళ్ల ముందు కనిపించసాగాయి. ఒక్క అత్తగారు మాత్రం రానన్నారు.

ఒకరోజు అక్కడి నీళ్లు పడవన్నారు. ఒకరోజు బావి ఉన్న ఇల్లు భయమన్నారు. ఇంకోరోజు ఏమీ దొరక్క అక్కడి కాకులు ఎలాంటివో అన్నారు. ఎవరేం చెప్పినా చివరికి ఒకటే మాట, నేను ఈ ఇంట్లోంచి కదలను. ఆవిడ రాకపోతే ఊళ్లోనే రెండు గదులు తీసుకుని అమ్మని తన దగ్గర ఉంచుకుంటానన్నాడు మా మరిది. అంటే ఇల్లు రెండు ముక్కలు. రెండయ్యాక మూడు కావడానికి ఎంతసేపు? నాకు నిజంగా గుబులు పుట్టింది. నా పిల్లలు నా ఒళ్లో కంటే మా తోడికోడళ్ల ఒళ్లోనే ఎక్కువ పెరిగారు. ఈ గుంపులోంచి విడిపోయి నలుగురం ఐదుగురం ఒక ఇంట్లో ఎలా బతుకుతామో నాకు ఊహకే అందలేదు.

అత్తగారి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అసలే ఆ మధ్య ఆవిడ మరీ చాదస్తంగా తయారయ్యారు. ఉప్పుడబ్బా బొటనవేలంత జరిగితే ఇల్లు ఎగరగొట్టేవారు. దారిలో కుర్చీ అడ్డంగా కనిపిస్తే మా పుట్టింటి పెంపకం దాకా వెళ్లేవారు. పేపరు చదవడం మానేశారు, అందులో చావులు తప్ప ఏమున్నాయని. ఆఖరికి సూదిలో దారం కూడా నాతోనే ఎక్కించుకునేవారు, నువ్వు ఖాళీగానే ఉన్నావుగా అంటూ. నేను ఖాళీగా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

బావగారు తల్లితో వాదించలేదు. ఒక సాయంత్రం సున్నం బస్తా భుజాన వేసుకుని డాబా ఎక్కారు. ఆటస్థలంలో గీతలు గీసే పాత రేకుడబ్బా ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాంతో డాబా మీద కొత్త ఇల్లంతా గీసేశారు. కాగితం మీద గీసే బొమ్మలా కాదు. అసలు కొలతలతో, గోడకి గోడ, గుమ్మానికి గుమ్మం. మా డాబా పెద్దదే గానీ ఆ ఇల్లు ఇంకా పెద్దది. వెనక వసారా పిట్టగోడ దాటి గాలిలోకి వెళ్లిపోయింది. అందుకని పిట్టగోడ మీద బొగ్గుతో "వసారా. ఎవరూ వెళ్లకూడదు" అని రాసి పెట్టారు.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి విజిల్. విజిల్ వినపడగానే పైకెళ్లి లేని ఇంట్లో కాపురం చేయాలి. లేని తలుపు తోసుకుని రావాలి, లేని పొయ్యి ముందు నిలబడాలి, లేని కిటికీ మూయాలి. గీత తొక్కితే మళ్లీ విజిల్. ఎదురు వాటాలోని బ్యాంకు గుమాస్తా ఒకరోజు ఆరేసిన దుప్పటి కోసం వచ్చి మా హాల్లోంచి అడ్డంగా నడిచిపోయాడు. బావగారు ఆపేశారు.

"గోడలోంచి వెళ్తున్నారు" అన్నారు.

పాపం ఆయన బెదిరిపోయి, వెనక్కి వెళ్లి, గుమ్మంలోంచి లోపలికొచ్చి, వంటింటి పక్కనుంచి తిరిగి వెళ్లి తన దుప్పటి తీసుకున్నాడు. పోతూ పోతూ ఇల్లు బాగుందని కూడా చెప్పాడు. మంచి మనిషి.

అత్తగారు మొదటి రెండు రోజులూ పైకి రాలేదు. మూడో రోజు బావగారే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఇంటి పెద్ద లేకుండా ఎవరు ఏ గదిలో ఉండాలో తేలడం లేదని చెప్పి బతిమాలారు. ఆవిడ ముఖం ముడుచుకునే వచ్చారు, లేని ఇంటి మధ్యలో స్టూలు మీద కూర్చుని లేని సామాను సర్దడంలో నాకు వంకలు పెట్టారు.

ఆ మర్నాడు చూస్తే గీతల మీద లావుపాటి గరుకు తాడు పరిచి ఉంది. గాలికి సున్నం ఎగిరిపోతోందట. ఆ తర్వాత అడుగుల లెక్క మొదలైంది. వీధిగుమ్మం నుంచి ఎనిమిది అడుగులు, కుడికి తిరిగి ఐదు, అక్కడ అత్తగారి గది తలుపు. ఆ తలుపు నుంచి వంటింటికి పదకొండు. అన్నీ అత్తగారి అడుగులే. ఆయన కాళ్లు ఇంత పొడుగుండగా ఆవిడ కాళ్లతో ఎందుకు కొలుస్తున్నారని అడిగాను. ఇంటికి కొలబద్ద పెద్దవాళ్లే కదమ్మా అన్నారు. ఏదో పెద్దమాట కదా అని ఊరుకున్నాను. పిల్లలు ఆ లెక్కలు ఎక్కాల్లా వల్లించేవారు. మా రెండోది అన్నం తింటూ కూడా "కుడికి ఐదు" అనేది.

ఇంకో వారానికి పల్లెలో కరెంటు పోతూ ఉంటుందన్న సంగతి ఆయనకి గుర్తొచ్చింది. అందరికీ కళ్లకి తువ్వాళ్లు కట్టించారు. చీకట్లో మన ఇంట్లో మనమే గుద్దుకుంటామా అన్నారు. గుద్దుకున్నాం. మా మరిది వంటింట్లోకి వెళ్తున్నాననుకుని నీళ్ల ట్యాంకుని కావలించుకున్నాడు. మా పెద్ద తోడికోడలు గాలిలోని వసారా వైపు ధైర్యంగా బయలుదేరితే బావగారు పరుగెత్తి ఆపారు. నేను నా పడగ్గది అనుకుని మెట్లు దిగిపోయి కిందింటి వాళ్ల తలుపు తట్టాను. మా అత్తగారు మాత్రం చెప్పులు విడిచి, ఎనిమిది, ఐదు, పదకొండు, ఎక్కడా కాలు తడబడకుండా ఇల్లంతా చుట్టి వచ్చి తన గదిలో కూర్చున్నారు.

నానమ్మే ఫస్టని పిల్లలు ఒకటే గోల. బావగారు ఎక్కడినుంచో ఒక ఆటలపోటీల కప్పు తీసి ఆవిడ చేతుల్లో పెట్టారు. ఆ ఏడాదిలో ఆవిడ అంతగా నవ్వడం నేను చూడలేదు. కప్పుని ఒళ్లో పెట్టుకుని నిమురుతూ, "ఒరేయ్ పెద్దాడా, లారీ ఎప్పుడు?" అన్నారు.

అంతే. కాళ్లావేళ్లా పడినా కదలని మనిషి ఒక్క కప్పుతో కదిలింది. పెద్దవాళ్లు పిల్లలతో సమానం, ఆటలో గెలిపిస్తే సరి అని నేను తీర్మానించుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

లారీకి ఎక్కించడం మూడుసార్లు రిహార్సల్ చేశాం. లారీని కూడా డాబా మీదే గీశారు. అసలు రోజున మా సామానంతా అరగంటలో ఎక్కేసింది. తన సర్వీసులో ఇలాంటి సంసారాన్ని చూడలేదన్నాడు లారీ డ్రైవరు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తెలియదు. కాకపోతే ఈ లారీ హడావుడిలో పడి బావగారు ఆఖరి రెండు వారాలూ ఇంటి పని చూడటానికి పల్లెకి వెళ్లలేదు. అక్కడ తాపీ మేస్త్రీ ఆయన ఇచ్చిన కాగితం చూసుకుని మిగిలిన గోడలు లేపి, సున్నం కొట్టి, ఇల్లు సిద్ధం చేసి ఉంచాడు.

మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అత్తగారు అందరికంటే ముందు నడిచారు. చెయ్యి పట్టుకోబోయిన చిన్న కోడల్ని పక్కకి పొమ్మన్నారు. గుమ్మం దాటారు. పెదాలు కదుపుతూ ఎనిమిది అడుగులు వేశారు. కుడికి తిరిగారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగుకి ఆవిడ నుదురు గోడకి కొట్టుకుంది.

 ఆవిడ గోడని రెండు చేతులతో తడిమి, సున్నం బాగానే వేశాడన్నారు.

బావగారు విజిల్ ఊదారు. అంత గట్టిగా ఎప్పుడూ ఊదలేదు. బయట లారీ దగ్గర కబుర్లు చెబుతున్న మేస్త్రీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇక్కడుండాల్సిన తలుపు ఏదని అడిగారు.

"పక్కకి మూడడుగులు జరిపానండి మాస్టారూ. అక్కడైతే గాలి బాగా వస్తుంది."

"ఇక్కడ కొట్టి తలుపు పెట్టు. ఇప్పుడే."

"ఇంత మంచి గోడ ఎందుకండీ కొట్టడం?"

"రిహార్సల్‌లో తలుపు ఇక్కడ ఉంది."

ఈయనకి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు మేస్త్రీ నా వంక చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సామాను ఎండలో ఉంది, పిల్లలు ఆకలితో ఉన్నారు, లారీవాడు తొందరపెడుతున్నాడు, ఈయనేమో కొత్త గోడ పగలగొట్టమంటున్నారు. పదహారేళ్లలో ఒక్కసారీ బావగారికి ఎదురు చెప్పనిదాన్ని, ఆ రోజు నోరు విప్పాను.

"బావగారూ, ఇంటిని చూసి రిహార్సల్ చేసుకుంటారు గానీ, రిహార్సల్‌ని చూసి ఇల్లు కడతారా ఎవరైనా?"

ఆయన తల్లి వైపు చూశారు. నేను విసురుగా నాలుగడుగులు ఇవతలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడి అటే చూశాను. తలుపు ఎక్కడుందో మేస్త్రీ చెయ్యి చాపి చూపించాడు, మూడడుగుల దూరం. అత్తగారు అటు వెళ్లలేదు. గోడ తడుముకుంటూ తలుపు లేని వైపుకి వెళ్తున్నారు. నుదుటి మీద సున్నం అంటింది. నేను ఇందాక నిలబడ్డ చోటుకేసి ముఖం తిప్పి, అక్కడ ఎవరూ లేకపోయినా నవ్వుతూ, "అంత కోపం ఎందుకే అమ్మాయ్" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఉప్పుడబ్బా ఎందుకు జరగకూడదో, పేపరులో ఏమీ ఎందుకు లేదో, సూది నా చేతికి ఎందుకొచ్చేదో. తాడు ఎందుకో, తువ్వాళ్లు ఎందుకో. పదహారేళ్లుగా ఆవిడ పక్కనే నిలబడి వండుతున్న నాకు కనిపించనిది ఈ విజిల్ మనిషికి కనిపించింది. సిగ్గుతో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మేస్త్రీ, కొట్టెయ్యవయ్యా" అన్నాను. "రిహార్సల్‌లో తలుపు అక్కడే ఉంది."

మా ఆయన, మరిది, తోడికోడళ్లు నోళ్లు తెరిచి నన్ను చూశారు. పిచ్చి అంటువ్యాధి అనుకుని ఉంటారు. సాయంత్రానికి తలుపు తన చోటికి వచ్చేసింది. అప్పటిదాకా మేం ఎనిమిది మంచాల మధ్య, ఇరవై మూటల మధ్య ఆరుబయటే గడిపాం.

బావి దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు బావగారు చెప్పారు. చూపు క్రమంగా తగ్గిపోతుందని, మందు లేదని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైందట. ఎవరికీ చెప్పనని అత్తగారు ఆయన దగ్గర మాట తీసుకున్నారట.

"కోడళ్లకి తెలిస్తే కుర్చీలో కూర్చోబెట్టి టీ గ్లాసు చేతికిస్తారు, పని లేకపోతే నేను బతకను రా అంది అమ్మ. పాత ఇల్లు అమ్మకి వేలికొసల మీద ఉంది. కొత్త ఇల్లంటే భయం. ఆ భయం చెప్పుకోలేక కాకుల్ని తిట్టింది. అందుకని అమ్మని ఇంటికి తీసుకొచ్చేలోపు ఇంటినే అమ్మ దగ్గరికి తీసుకెళ్దామనుకున్నాను" అన్నారు.

 ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. అంతలోనే ఆయన, నీకు తెలిసిపోయిందని అమ్మకి తెలియకూడదు కదా, దానికి చిన్న రిహార్సల్ కావాలన్నారు. దణ్ణం వాయిదా వేశాను. బావి గట్టు పక్కన ఆయన కళ్లు మూసుకుని అత్తగారయ్యారు. నేను నేనే. ఆయన ఎదురొస్తే పక్కకి తప్పుకోవాలి, తప్పుకున్నట్టు తెలియకూడదు. నాలుగుసార్లు చేయించారు. నీళ్లకని వచ్చిన మా పెద్ద తోడికోడలు కాసేపు నిలబడి చూసి, ఏమీ అడక్కుండా ఖాళీ బిందెతో వెనక్కి వెళ్లిపోయింది.

మూడు నెలలు తిరిగేసరికి పెరట్లో చిక్కుడు, బెండ, టమాటా కాపుకొచ్చాయి. బావగారు ముందే వెనక వసారా నుంచి మడి చివరిదాకా నడుమెత్తున పొడుగాటి కర్ర కంచె కట్టించారు, మడులన్నీ గీత గీసినట్టు దాని వెంటే వేయించారు. మాస్టారు మొక్కలకి కూడా డ్రిల్లు చేయిస్తున్నారని పల్లెలో వాళ్లు నవ్వుకున్నారు. మా అత్తగారు మాత్రం పొద్దున్నే ఆ కర్ర మీద చెయ్యి వేసుకుని వెళ్లి, లేత కాయేదో ముదురు కాయేదో వేళ్లతో తేల్చి, కూరకి కావలసింది కోసుకొచ్చేవారు. కుర్చీలో కూర్చోబెట్టే ధైర్యం ఎవరికుంది?

నేను కూడా నా పాత్రని బ్రహ్మాండంగా నడిపించుకొస్తున్నాను. పిల్లిలా అడుగు వేసేదాన్ని. ఆవిడ ఎదురొస్తే ఊపిరి బిగబట్టి గోడకి అతుక్కునేదాన్ని. గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించేదాన్ని. బావగారు దూరం నుంచి చూసి మెచ్చుకోలుగా తల ఊపేవారు. ఒక ఉదయం వంటింట్లో అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపారు.

"పెద్దాడు నీకు చెప్పేశాడు కదే?"

  ఎలా తెలిసిందండీ అన్నాను.

"పదహారేళ్లలో నువ్వు గొణుక్కోకుండా ఒక్క పని చేశావా? ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి చప్పుడే లేదు. చప్పుడు లేకపోతే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది? నిన్న రెండుసార్లు నీ కాలు తొక్కబోయాను. వాడి నాటకాలు వాడికుంటాయి. నువ్వు ఎప్పటిలాగే గొణుక్కుంటూ తిరుగు తల్లీ, నాకు దారి తెలుస్తుంది."

నా గొణుగుడు ఇన్నేళ్లూ ఎవరి చెవినా పడటం లేదనుకుని గొణిగాను. ఒక్కటీ వదలకుండా విన్నారన్నమాట. విన్న మాటలేమిటో తలుచుకుంటే భయం వేసింది గానీ, చెప్పింది మాత్రం చేయాలి కదా. గిన్నె అందుకుని, ఈ ఇంట్లో ఎంత చాకిరీ చేసినా మంచిపేరు రాదని పైస్థాయిలో మొదలుపెట్టాను. అత్తగారు హాయిగా లేచి, నా పక్కనుంచి తప్పుకుని వెళ్లి, పొంగబోతున్న పాలు దించారు.